హార్డుడిస్కుకి తాళం కొన్నరోజే వెయ్యాలి

పాత హార్డుడిస్కుల్ని ఏం చేస్తారండీ అని మన ఐటీ జనాల్లో ఎవర్నడిగినా వచ్చే సమాధానాలు మూడే. ఒకటి, "ఫార్మాట్ కొట్టి ఇచ్చేస్తాం". రెండు, "డ్రిల్లింగ్ మెషీన్ పెట్టి బెజ్జం వేసేస్తాం". మూడోది పెద్ద కంపెనీల వాళ్ళది: "అది మా పని కాదు, వెండరు చూసుకుంటాడు, సర్టిఫికెట్ కూడా ఇస్తాడు".

ఈ మూడు సమాధానాలూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ మూడింట్లోనూ ఉన్న తప్పు ఒక్కటే. మూడూ డిస్కు పని అయిపోయాక మొదలవుతాయి. డిస్కు మీద ఐదేళ్ళపాటు జనాల పేర్లు, ఫోన్ నంబర్లు, జీతాలు, జబ్బులు, ఆధార్ కాపీలు అన్నీ మామూలు అక్షరాల్లో రాసిపడేసి, చివరి రోజున దాన్నెలా చెరపాలా అని తలలు పట్టుకుంటాం. ఇల్లు కాలుతున్నప్పుడు నుయ్యి తవ్వడమంటే ఇదే. నేననేది ఏంటంటే, డిస్కు మీద మొదటి బైటు రాయకముందే దానికి ఎన్‌క్రిప్షన్ పెట్టాలి. అది ఇవాళ డిస్కులోనో, ఆపరేటింగ్ సిస్టంలోనో ఊరికే వస్తోంది. పెట్టకపోవడానికి మన దగ్గరున్నవి సాకులే గానీ కారణాలు కావు. (గుప్తలేఖనం అని రాద్దామనుకున్నాను గానీ మా టీములో ఒక్కరికీ అర్థం కాదు. ఎన్‌క్రిప్షన్ అనే రాస్తాను, క్షమించాలి :))

ముందు ఫార్మాట్ సంగతి. క్విక్ ఫార్మాట్ చేసేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికని కొత్తగా రాయడం, అంతే. ఫైళ్ళలో ఉన్న సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇంటి నంబరు పలక పీకేస్తే ఇల్లు మాయమవదు కదా! మామూలు హార్డుడిస్కు మీంచి ఆ సరుకు బయటికి తియ్యడానికి హ్యాకరే కానక్కర్లేదు, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్టువేరు చాలు. ఇంజనీరింగ్ రెండో ఏడు కుర్రాడు ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని చేసే పని అది.

ఇది కొత్త విషయమేం కాదు. అమెరికాలో ఎంఐటీ పరిశోధక విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ ఇరవయ్యేళ్ళ కిందటే 158 పాత హార్డుడిస్కులు కొని పరీక్షించారు. ఫలితాలు 2003 జనవరిలో అచ్చయ్యాయి. కొన్నవాటిలో 129 పనిచేశాయి. ఆ 129లో సరిగ్గా చెరిపినవి ఎన్నో తెలుసా? పన్నెండు. మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు వేలల్లో దొరికాయి. ఒక డిస్కు ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఏటీఎం నుంచి వచ్చినట్టు తేలింది. అమ్మినవాళ్ళందరూ డేటా ఉంచేద్దామనుకుని అమ్మలేదు. చాలామంది ఫైళ్ళు డిలీట్ చేశారు, ఫార్మాట్ కూడా చేశారు. పని అయిపోయిందనుకున్నారు.

మనవాళ్ళు ఇరవయ్యేళ్ళలో ఏమైనా నేర్చుకున్నారా? నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో (పేరొద్దు లెండి) పాత డెస్కుటాపులు ఉద్యోగులకే చవగ్గా అమ్మారు. మా టీములో ఒకతను తమ్ముడి చదువుకోసమని ఒకటి తీసుకున్నాడు. నాకు అనుమానమొచ్చి సపోర్టు కుర్రాణ్ణి అడిగాను.

"డిస్కులు ఏం చేశారు బాబూ?"

"ఫార్మాట్ కొట్టేశాం సార్. విండోస్ కూడా ఫ్రెష్‌గా వేశాం. ఏం కాదు సార్."

ఆ వారాంతం మావాడి రూములో ఆ డిస్కు మీద ఫోటోరెక్ నడిపాం. రెండున్నర గంటల్లో బయటపడినవి: మూడేళ్ళ క్రితపు ఇంక్రిమెంట్ల షీటు, ఉద్యోగాలకి అప్లై చేసినవాళ్ళ రెజ్యూమెలు కొన్ని వందలు, వాళ్ళ పాన్‌కార్డు స్కాన్లు. ఆ మెషీన్ అంతకుముందు హెచ్ఆర్‌లో ఎవరిదో అన్నమాట. ఆ రెజ్యూమెల వాళ్ళలో చాలామందికి ఆ కంపెనీలో ఉద్యోగం కూడా వచ్చి ఉండదు. ఉద్యోగం ఇవ్వలేదు సరే, వాళ్ళ పాన్‌కార్డుని మాత్రం నాలుగు వేలకి అమ్మేసిన మెషీన్‌లో పెట్టి ఎవరి చేతికో ఇచ్చారు. సోమవారం పొద్దున చెబితే మేనేజరు గారన్న మాట: "కొన్నది మనవాడే కదా, బయటివాడు కాదుగా". అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

ఆ సపోర్టు కుర్రాణ్ణి నేనేమీ అనను. అతనికి చెప్పింది అతను చేశాడు. తప్పు అతనిచేత అలా చేయించిన పద్ధతిది.

"క్విక్ ఫార్మాట్ కాదు, మేం మొత్తం డిస్కు సున్నాలతో నింపుతాం" అనేవాళ్ళుంటారు. సంతోషం. పనిచేసే మామూలు హార్డుడిస్కుకి ఒక్కసారి మొత్తం తిరగరాస్తే సరిపోతుంది. పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పేపరు పట్టుకుని 35 సార్లు రాయాలని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు, ఇప్పటి డిస్కులకి ఆ అవసరం లేదు. అయితే లెక్క వేసుకోండి. 4 టెరాబైట్ల డిస్కు, సెకనుకి 150 మెగాబైట్ల వేగం అనుకుంటే, ఒక్క డిస్కుకే ఏడున్నర గంటలు. ఒక డేటాసెంటరు మూసేస్తున్నారు, డిస్కులు రెండువేలున్నాయి, బిల్డింగు ఖాళీ చెయ్యడానికి పది రోజుల గడువుంది. ఎవరు కూర్చుని ఇదంతా చేస్తారు? చేసినట్టు ఎక్సెల్ షీటులో టిక్కులు మాత్రం పడిపోతాయి.

ఇంకా ముఖ్యమైనది చచ్చిపోయిన డిస్కు. బోర్డు కాలిపోయింది, లేదా హెడ్డు పోయింది. మీరు దానిమీద సున్నాలు రాయలేరు, రాయడానికి డిస్కు ఒప్పుకోదు కాబట్టి. కానీ లోపల పళ్ళేల మీద డేటా మాత్రం భద్రంగా ఉంటుంది. డబ్బులు పోస్తే రికవరీ వాళ్ళు బయటికి తీస్తారు. వారంటీలో ఉన్న డిస్కయితే మనమే దాన్ని డబ్బాలో పెట్టి కొరియర్లో కంపెనీకి పంపిస్తాం. అందులో ఏముందో ఎవరూ అడగరు.

ఎస్ఎస్‌డీల కథ మరీ విచిత్రం. మీరు ఫలానా చోట రాయమంటే అది అక్కడే రాస్తుందన్న గ్యారంటీ లేదు. సెల్సు సమంగా అరగాలని లోపలి కంట్రోలరు తన ఇష్టమొచ్చిన చోట రాస్తుంది. పాత కాపీ ఎక్కడో మీకు కనపడని స్పేరు బ్లాకుల్లో మిగిలిపోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో వాళ్ళు 2011లో దీన్ని పరీక్షించి చూశారు. ఎస్ఎస్‌డీ మీద ఒక్కొక్క ఫైలుని ఎంచి చెరిపే పద్ధతులేవీ పనిచెయ్యలేదు. కొన్ని డ్రైవుల్లోనైతే, మొత్తం చెరిపేస్తానని తయారీదారే ఇచ్చిన కమాండు కూడా సరిగా చెయ్యలేదు. ఒక డ్రైవు చెరిపేశానని జవాబిచ్చింది, డేటా మాత్రం అలాగే ఉంది!

ఇక డ్రిల్లు వీరులు. పగలగొడితే డేటా పోతుందా? హార్డుడిస్కు పళ్ళేలు పొడిపొడి చేస్తే పోతుంది, ఒప్పుకుంటాను. ఎస్ఎస్‌డీలో అయితే మీ డ్రిల్లు బెజ్జం ఏ చిప్పుకీ తగలకుండా మధ్యలోంచి పోయిందనుకోండి, డేటా చిప్పులు చెక్కుచెదరకుండా ఉంటాయి. అన్నీ సరిగ్గా చేశారనే అనుకుందాం. ఇంకో ఐదేళ్ళు శుభ్రంగా పనిచేసే డిస్కుని చెత్త చేస్తున్నారు. మన ఊళ్ళ గవర్నమెంటు బళ్ళలో కంప్యూటర్ ల్యాబంటే దుమ్ము కొట్టుకుపోయిన నాలుగు పెట్టెలు. ఇక్కడేమో బాగున్న డిస్కుల్ని, వాటితోపాటు మెషీన్లనీ తుక్కు కింద నలగ్గొడుతున్నాం, ఎందుకంటే లోపలేముందో మనకే భయం. ఆ భయానికి మూల్యం ఆ బడిపిల్లలు కడుతున్నారు. ఈ-వేస్టు తగ్గించాలని పోస్టర్లు అంటించే కంపెనీలే ఈ పని చేస్తున్నాయి.

మూడో సమాధానం: వెండరు. బ్రిటన్‌లో ఎన్‌హెచ్ఎస్ సర్రే అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పాత కంప్యూటర్ల డిస్కులు ధ్వంసం చేసే పని ఒక కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ ఊరికే చేసిపెడతానంది, బదులుగా పనికొచ్చే మిగతా సామాను అమ్ముకుంటానంది. ఊరికే వస్తోందంటే కాదనేదెవరు? 2012లో ఎవరో ఆన్‌లైన్ వేలంలో ఒక పాత కంప్యూటరు కొంటే అందులో మూడు వేలకి పైగా రోగుల వివరాలున్నాయి. అందులో రెండు వేలమంది పిల్లలు. అక్కడి సమాచార కమిషనర్ 2013లో రెండు లక్షల పౌండ్ల జరిమానా వేశాడు. జరిమానా పడింది వెండరుకి కాదు, ఆరోగ్య సంస్థకి. పని అప్పగించొచ్చు గానీ బాధ్యత అప్పగించలేం. మన మేనేజర్లు ఈ ముక్క ఫ్రేము కట్టించుకోవాలి.

ఇప్పుడు అసలైన కథకొస్తాను. మోర్గన్ స్టాన్లీ. వాల్ స్ట్రీట్ దిగ్గజం. సెక్యూరిటీ బడ్జెట్టు మనం కలలో కూడా ఊహించలేం. వీళ్ళు 2016లో అమెరికాలో రెండు డేటాసెంటర్లు మూసేశారు. వేలకొద్దీ డిస్కుల్ని, సర్వర్లని వదిలించుకునే పని ఎవరికిచ్చారు? సామాన్లు తరలించే కంపెనీకి. అంటే మనం ఇల్లు మారేటప్పుడు పిలుస్తామే, ప్యాకర్స్ అండ్ మూవర్స్, ఆ బాపతు. డేటా ధ్వంసం చెయ్యడంలో వాళ్ళకి అనుభవం లేదు. వాళ్ళు ఆ సామాను ఇంకొకరికి అమ్మారు, చివరికి కొన్ని డిస్కులు ఇంటర్నెట్ వేలానికొచ్చాయి, కస్టమర్ల డేటాతో సహా. కొన్నవాళ్ళలో ఓక్లహోమాకి చెందిన ఒక ఐటీ కన్సల్టెంటు 2017లో కంపెనీకి తనే ఈమెయిలు రాసి, మీ డేటా నా దగ్గరుందని చెప్పేదాకా వీళ్ళకి తెలియదు. కొన్ని డిస్కులు తిరిగి సంపాదించారు. ఎక్కువభాగం దొరకలేదు. 2020లో బ్యాంకుల నియంత్రణ సంస్థ ఓసీసీ 6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2022 సెప్టెంబరులో ఎస్ఈసీ ఇంకో 3.5 కోట్ల డాలర్లు వేసింది. సుమారు కోటిన్నరమంది కస్టమర్ల వివరాల్ని కాపాడలేకపోయారన్నది అభియోగం.

ఇందులో నన్ను అన్నిటికంటే మండించిన విషయం జరిమానా కాదు. అదే కంపెనీ బ్రాంచి ఆఫీసుల్లోని సర్వర్లు కూడా మార్చింది, లెక్కచూసుకుంటే 42 సర్వర్లు కనపడలేదు. ఆ పరికరాల్లో ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉంది! కొన్నప్పుడే వచ్చింది. ఏళ్ళ తరబడి ఎవరూ ఆన్ చెయ్యలేదు. ఈ మాట ఎస్ఈసీ తన ప్రకటనలోనే చెప్పింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అనేది ఇందుకే. ఆ ఒక్క సెట్టింగు మొదటి రోజున ఆన్ చేసుంటే ఆ 42 సర్వర్లు ఎవరికి దొరికినా వాళ్ళకి మిగిలేది ఇనుము. ఎన్‌క్రిప్షన్‌కి అయ్యే ఖర్చెంత అని మీటింగుల్లో అడిగేవాళ్ళకి చెప్పండి, పెట్టకపోతే అయ్యే ఖర్చు ఇంత అని.

ఇంతకీ ఈ ఎన్‌క్రిప్షన్ చేసేదేంటి? డిస్కు మీదికి వెళ్ళే ప్రతి బైటునీ ఒక రహస్యమైన కీతో కలిపి మార్చి రాస్తుంది. 256 బిట్ల కీ అంటే 32 బైట్లు, ఈ వాక్యం కంటే చిన్నది. ఆ కీ ఊహించి పట్టుకోవాలంటే ప్రయత్నించాల్సిన సంఖ్యలో 78 అంకెలుంటాయి. అంచేత డిస్కు వదిలించుకునే రోజున నాలుగు టెరాబైట్లు చెరపక్కర్లేదు, ఆ 32 బైట్లు చెరిపితే చాలు. ఏడున్నర గంటల పని సెకనులో అయిపోతుంది. దీన్నే క్రిప్టోగ్రాఫిక్ ఎరేజ్ అంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన మార్గదర్శకాల్లో దీన్ని అంగీకారయోగ్యమైన పద్ధతిగా, కొన్ని షరతులతో, చేర్చింది. డిస్కు చచ్చిపోయిందా? మరీ మంచిది. కీ డిస్కు బయట ఉంటే, లేదా మీ పాస్‌వర్డు లేకుండా తెరుచుకోకపోతే, చచ్చిన డిస్కుని నిశ్చింతగా వారంటీకి పంపొచ్చు.

మీ జేబులో ఉన్న ఫోను చాలా ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. ఐఫోన్లో 2009 నాటి 3జీఎస్ నుంచీ హార్డువేరు ఎన్‌క్రిప్షన్ ఉంది. అంతా చెరిపెయ్యి అని నొక్కగానే అయిపోవడానికి కారణం, అది చెరిపేది కీని కాబట్టి. ఫోను అమ్మేటప్పుడు ఎవరూ డ్రిల్లు తియ్యరు. సర్వరు దగ్గరికొచ్చేసరికి మనకి 1995 గుర్తొస్తుంది.

ఇక్కడొక హెచ్చరిక. "మా డ్రైవు సెల్ఫ్ ఎన్‌క్రిప్టింగ్ డ్రైవు, మాకేం భయం లేదు" అని ఎవరైనా ఛాతీ విరుచుకుంటే రెండు ప్రశ్నలడగండి.

మొదటి ప్రశ్న: పాస్‌వర్డు పెట్టారా? ఈ డ్రైవులు కొన్నరోజు నుంచే లోపల ఎన్‌క్రిప్షన్ చేస్తూ ఉంటాయి, నిజమే. కానీ మీరు పాస్‌వర్డు పెట్టనంతవరకూ అడిగిన ప్రతివాడికీ తనే విప్పి ఇచ్చేస్తుంది. తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆ గొళ్ళానికే తగిలించినట్టు. బిట్‌లాకర్‌లోనూ ఇలాంటిదే ఉంది. రక్షణని తాత్కాలికంగా ఆపినప్పుడు తాళంచెవిని బాహాటంగా డిస్కు మీదే రాసిపెడుతుంది. అప్‌డేటు కోసం ఆపి, మళ్ళీ పెట్టడం మరిచిపోతే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిందని చూపిస్తూనే ఉంటుంది, ఎవడైనా చదువుకోవచ్చు.

రెండో ప్రశ్న: ఆ డ్రైవు లోపల నిజంగా ఏం చేస్తోందో మీకు తెలుసా? నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్లో మేయర్, బెర్నార్డ్ వాన్ గాస్టెల్ 2018 నవంబరులో కొన్ని క్రూషియల్, శాంసంగ్ ఎస్ఎస్‌డీల గుట్టు విప్పారు. వాటిలో కొన్నింట్లో పాస్‌వర్డుకీ, డేటా కీకీ మధ్య అసలు సంబంధమే లేదు. ఫర్మువేరుని మార్చి, ఏ పాస్‌వర్డిచ్చినా ఒప్పుకునేలా చెయ్యగలిగారు. దానికి తోడు అప్పట్లో బిట్‌లాకరు, డ్రైవు ఎన్‌క్రిప్షన్ చేస్తానంటే నమ్మి తను చేతులు కట్టుకు కూర్చునేది. 2019 సెప్టెంబరు అప్‌డేటులో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మార్చి, కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసే డ్రైవులకి సాఫ్టువేరు ఎన్‌క్రిప్షన్‌నే ముందు వాడేలా చేసింది. కాబట్టి నా సలహా, డ్రైవు మాట నమ్మి ఆగిపోకండి. ఆపరేటింగ్ సిస్టంలోది ఆన్ చెయ్యండి. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్సులో లక్స్. మూడూ ఏళ్ళ తరబడి జనం పరీక్షించినవి, విడిగా కొనాల్సినవి కావు. డ్రైవులోది కూడా ఉంటే రెండో తాళం అనుకోండి.

ఇంకో సంగతి, మొదటి రోజే అని నేనెందుకు మొండిగా అంటున్నానో. ముందు రెండేళ్ళు మామూలుగా రాసి, ఆడిటు వస్తోందని హడావుడిగా ఎన్‌క్రిప్షన్ పెడితే, పాత అక్షరాలు ఎక్కడో మిగిలిపోవచ్చు. ఎస్ఎస్‌డీలో కనపడని బ్లాకుల సంగతి చెప్పాను కదా. నిస్ట్ వాళ్ళు పెట్టిన షరతుల్లో ఇదీ ఒకటి: డేటా రాశాక ఎన్‌క్రిప్షన్ పెట్టిన డిస్కుకి కీ చెరపడం ఒక్కటే సరిపోతుందని అనుకోకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దని వాళ్ళూ చెబుతున్నారు, కాకపోతే ఇంగ్లీషులో.

ఇక సాకుల సంగతి చూద్దాం.

"పెర్ఫార్మెన్సు పడిపోతుంది." 2005లో అంటే వినేవాణ్ణి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఏఈఎస్ కోసం ప్రత్యేకంగా సూచనలు 2010లోనే వచ్చాయి. మామూలు ఆఫీసు పనిలో తేడా మీకు తెలియను కూడా తెలియదు. మీ అప్లికేషన్ నెమ్మదిగా ఉంటే, ఆ ఇండెక్సు లేని ఎస్‌క్యూఎల్ క్వెరీని చూడండి, పాపం ఎన్‌క్రిప్షన్ని ఆడిపోసుకోకండి.

"కీ పోతే మొత్తం డేటా పోతుంది." ఇది నిజమైన భయం, దీన్ని నేను కొట్టిపారెయ్యను. కీ పోతే మీ డేటా మీకూ రాదు. దానికి మందు బ్యాకప్పు, కీని భద్రపరిచే పద్ధతి. బిట్‌లాకరు 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది, కంపెనీల్లో అది యాక్టివ్ డైరెక్టరీలో దాచొచ్చు. డిస్కు ఏ కారణంతోనైనా పోవచ్చు, కాబట్టి బ్యాకప్పు ఎలాగూ ఉండాలి. బ్యాకప్పు లేనివాడు ఎన్‌క్రిప్షన్‌కి భయపడుతున్నాడంటే అతని అసలు జబ్బు వేరే ఉంది.

"మా డేటాలో ఏముంది, ఎవడిక్కావాలి?" ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అది మీ డేటా కాదు మహానుభావా! మీ దగ్గర లోను తీసుకున్న ఆటోడ్రైవరుది. మీ హాస్పిటల్ సాఫ్టువేరులో పరీక్షల రిజల్టు ఎక్కిన ఆవిడది. టెస్టింగు కోసమని ప్రొడక్షన్ డంపు ల్యాప్‌టాపులోకి లాక్కున్నారే, అందులో ఉన్న లక్షమందిది. వాళ్ళు మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. మీ డిస్కు ఏ అంగట్లో తేలిందో వాళ్ళకి జీవితంలో తెలియదు. లోనిప్పిస్తామని వాళ్ళ పుట్టినరోజు, పాన్ నంబరు చెప్పి మరీ ఫోన్ చేసేవాడికి ఆ వివరాలెక్కడివో వాళ్ళకి అంతు చిక్కదు. అందుకే మనం నిర్లక్ష్యం చెయ్యగలుగుతున్నాం. దెబ్బ మనకి తగలదు కాబట్టి.

"అది డెవలపర్ల పని కాదు, ఇన్‌ఫ్రా వాళ్ళది." ఇన్‌ఫ్రా వాళ్ళు సెక్యూరిటీ వాళ్ళదంటారు, సెక్యూరిటీ వాళ్ళు కొనుగోలు శాఖదంటారు. తిలాపాపం తలా పిడికెడు. సర్వరు కావాలని టికెట్ రాసేది ఎవరండీ? మనమే కదా? ఆ టికెట్టులో ర్యామెంత, కోర్లెన్ని అని రాస్తాం. డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి ఇవ్వండి అని ఒక్క వాక్యం రాస్తే వేళ్ళు అరిగిపోవు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళకి భయముంటేనే భక్తి. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. సమాచారాన్ని కాపాడే సరైన ఏర్పాట్లు చెయ్యకపోతే 250 కోట్ల రూపాయలదాకా జరిమానా. వెండరు చేసిన తప్పయినా బాధ్యత డేటా సేకరించిన కంపెనీదే. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, భద్రతా చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ని పేరుపెట్టి చెప్పాయి. ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. గడువు చివరి వారంలో మేలుకునే అలవాటు మనది. ఈలోపు రాసే ప్రతి బైటూ తాళం లేని డిస్కు మీద పడుతోందని మర్చిపోకండి.

ఆఫీసుల సంగతి సరే, మన ఇళ్ళలో? అమెరికా నుంచి వచ్చే ప్రతి అన్నయ్య సూట్‌కేసులోనూ చెల్లెలికో, బావమరిదికో పాత ల్యాప్‌టాపు ఒకటుంటుంది. మంచి అలవాటే. అందులో అన్నయ్య గారి డబ్ల్యూ-2లు, హెచ్-1బీ కాగితాలు, పాస్‌పోర్టు స్కాన్లు, వదినగారి మెడికల్ రిపోర్టులు కూడా ఉంటాయి. రెండేళ్ళకి ఆ ల్యాప్‌టాపు పాడైతే మన చెల్లెలు వీధి చివర రిపేరు షాపులో ఇస్తుంది. ఆ షాపతను మంచివాడే కావచ్చు. మన బ్యాంకు వివరాలు అతని మంచితనం మీద ఆధారపడి ఉండాల్సిన ఖర్మ మనకెందుకు? పైగా ఒక సూక్ష్మముంది. కీ ల్యాప్‌టాపులోని టీపీఎం చిప్పులో ఉండి, బూటయ్యేటప్పుడు పిన్ అడగకుండా తెరుచుకునే పద్ధతి అయితే, డిస్కు ఒక్కటే పోతే భయం లేదు గానీ ల్యాప్‌టాపుతో సహా ఇచ్చేస్తే తాళంచెవి కూడా వెంటే వెళ్తుంది. అంచేత ఇచ్చేముందు రీసెట్ చేసి, టీపీఎం ఖాళీ చేసి ఇవ్వాలి. మొదట్నుంచీ ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్కయితే ఇది అరగంట పని.

మొత్తం మీద నేనడిగేది నాలుగు పనులు. కొత్త డిస్కుకి డేటా ఎక్కించకముందే ఎన్‌క్రిప్షన్ ఆన్ చెయ్యండి. తాళంచెవిని డిస్కుతో కాకుండా వేరేచోట దాచండి. ఆన్ అయి ఉందో లేదో స్క్రిప్టు రాసి నెలకోసారి చూడండి, షీటులో టిక్కుని నమ్మకండి. డిస్కు వదిలించుకునే రోజున కీని, దాచిన కాపీలతో సహా చెరిపి, ఆ తర్వాత అమ్ముకుంటారో, బడికిస్తారో మీ ఇష్టం. వెండరు సర్టిఫికెట్ అప్పుడు కూడా తీసుకోండి, కాదనను. కానీ అది ఉన్నా లేకపోయినా కోటిమంది బతుకు దాని మీద ఆధారపడకూడదు.

రేపు ఆఫీసుకెళ్ళగానే మీ ల్యాప్‌టాపులో బిట్‌లాకర్ ఆన్ అయి ఉందో లేదో ఒక్కసారి చూడండి. రెండు నిమిషాల పని. లేకపోతే టికెట్ రాయండి. "అవసరం లేదు" అని ఎవరైనా దాన్ని మూసేస్తే, మళ్ళీ తెరవండి.